గవ్వ లోపలి రంగు

మెడికల్ కాలేజీ, బొమ్మల గది
జూన్ మొదట్లో

ఒరేయ్ బావమరిదీ,

కులాసాయేనా? నేనిక్కడ కులాసా. ఈ మాట నమ్మడానికి నీకు రెండు నిమిషాలు టైమిస్తున్నాను. నమ్మాక మిగతాది చదువు.

దీంతో పాటు రెండు పుస్తకాలు పంపుతున్నాను. ఒకటి నాచు మీద. నవ్వకు. తడిగోడకు పట్టే నాచే. వేరు లేదు, పువ్వు లేదు, అడిగినవాడు లేడు, అయినా అది బతికే తీరు చదివావంటే నీ కొట్టు వెనక గోడ ఇంకెప్పుడూ గీకించవు. రెండోది బొమ్మల్లో నీడల గురించి. నీడ నల్లగా ఉంటుందని కదా మనమంతా అనుకుంటాం. కాదు. చుట్టుపక్కల ఉన్న రంగులన్నీ అందులోకి వచ్చి కూర్చుంటాయి. ఈ ముక్క తెలియక నేను కాలేజీకి వేసే చార్టుల్లో ఎముకల కింద ఎన్నేళ్ళు మసి పూశానో!

నీకు శ్రమ లేకుండా ముఖ్యమైన చోట్ల గీతలు గీసిపెట్టాను. ఎర్ర పెన్సిలంటే ముఖ్యం, నీలం పెన్సిలంటే మరీ ముఖ్యం. అంచుల్లో "ఇది చూడు", "దీన్ని మూడో అధ్యాయంతో కలిపి చదువు" అని రాశాను. ఆ ప్రకారం పోతే పుస్తకం సగం టైములో అయిపోతుంది.

నాకేమిటి, పుస్తకాలేమిటి అంటావేమో. నీకు చిన్నప్పటి నుంచీ జిజ్ఞాస ఎక్కువ. మీ నాన్న గడియారం విప్పి, మళ్ళీ బిగించలేక మంచం కింద దాక్కున్నావట. మీ అక్కే చెప్పింది.

మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నాను, అక్కడ అందరూ ఎలా ఉన్నారు? అందరూ అంటే నువ్వు కాక మిగిలినవాళ్ళు. తను నీ దగ్గరికి వచ్చి రెండు నెలలు దాటింది. నేనేమీ అడగడం లేదు. ఆ దగ్గు తగ్గిందో లేదో తెలిస్తే చాలు.

చదవడం అయ్యాక పుస్తకాలు హాల్లో అందరికీ కనబడే చోట పెట్టు. గుండె చార్టు మీద రంగు ఆరుతోంది, మళ్ళీ పూత వేయాలి.

నీ బావ


తాళాల కొట్టు
మధ్యాహ్నం, బేరాల్లేని వేళ

బావా,

పుస్తకాలు అందాయి. నేను ఈ జన్మలో మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివింది ఒక్కటే. ఇనప్పెట్టెతో పాటు వచ్చిన కాగితం. అది కూడా పెట్టె తెరుచుకోక చచ్చినట్టు చదివాను. అలాంటివాడికి నాచు పుస్తకం పంపుతావా? రెండు పేజీలు చదివాను. ఎన్నడూ లేనిది పట్టపగలు కునుకు పట్టింది. ఆ విధంగా చాలా మంచి పుస్తకం.

నువ్వు చెప్పినట్టే హాల్లో పెట్టాను. అక్క డ్యూటీ నుంచి వచ్చింది. చూసింది. నాచు పుస్తకం తెరిచి ఒక పేజీ తిప్పింది. తర్వాత మూసేసి, బల్ల తుడవాలని రెండింటినీ తీసి కిటికీలో పెట్టింది.

డ్యూటీ అన్నాను కదా, నీకు తెలియదేమో. ఇక్కడ పెద్ద వీధి చివర పరీక్షల ల్యాబులో చేరింది. మీ ఊళ్ళో చేసిన పనే. ఆసుపత్రి వాళ్ళు పంపిన కండ ముక్కని పల్చగా కోయడం, గాజుపలక మీద పెట్టి రంగులద్దడం, మైక్రోస్కోపులో చూడడం. దగ్గు తగ్గింది. రాత్రిళ్ళు రేడియో పెట్టుకుంటుంది.

నిజం చెప్పనా? నాకిది బాగానే ఉంది. మా ఆవిడ పోయాక ఈ ఇంట్లో ఇంకో మనిషి చప్పుడు లేదు. కొట్టు కింద, ఇల్లు పైన. మొదటి వారమంతా మెట్లెక్కి, జేబులోంచి తాళంచెవి తీసి, తలుపు తెరిచే ఉందని గుర్తొచ్చి మళ్ళీ జేబులో వేసుకునేవాణ్ణి. ఊరందరి తలుపులు తెరిచేవాణ్ణి, నాకు తెరిచిన తలుపు కొత్త.

అయినా అసలేం జరిగింది బావా? తిట్టుకోలేదు, కొట్టుకోలేదు. తననడిగితే "ఏముంది చెప్పడానికి" అంటుంది. కందకు లేని దురద కత్తిపీటకెందుకు అంటావేమో. కానీ నువ్వే పుస్తకాలు పంపి కత్తిపీటని లాగుతున్నావు.

ఇంకొక మాట. నువ్వు చేతిలో పుస్తకంతో వస్తుంటే మీ వీధిలో మంగలి సగం గడ్డం మీదే కొట్టు మూసేస్తాడటగా? అక్కడి పాత పుస్తకాల షాపులో సగం సరుకు నువ్వు జనానికి అంటగట్టినవేనని, వాళ్ళు మర్నాడే పట్టుకెళ్ళి అమ్ముకుంటారని అక్క ఒకప్పుడు నవ్వుతూ చెప్పేది. ఇప్పుడు చెప్పడం లేదు.

నీ బావమరిది


ఇల్లు, వంటగది బల్ల
జూలై, వాన

ఒరేయ్,

అమ్ముకుంటే అమ్ముకోనీ. అమ్మినవాడు చదవకపోయినా కొన్నవాడు చదువుతాడు. బ్రహ్మచారిగా హాస్టల్లో ఉన్నప్పటి నుంచీ నా పుస్తకాలు అలా చేతులు మారుతూనే ఉన్నాయి. మంగలి సంగతి మాత్రం అబద్ధం. ఒక్కసారే మూశాడు.

ఏం జరిగిందని అడిగావు. నాకు తెలిస్తే కదా నీకు చెప్పడానికి. ఆ రోజు సెలవు. నేను కొత్తగా తెచ్చిన పుస్తకం గురించి చెబుతున్నాను. తేనెటీగలు గూడు కట్టేటప్పుడు ఆరు పక్కల గదులే ఎందుకు కడతాయో, అదీ విషయం. తను అలమార దగ్గర నిలబడి ఒక పుస్తకం తీసింది, తెరిచింది, పెట్టేసింది. ఇంకోటి తీసింది, పెట్టేసింది. అలా పై అర దాకా వెళ్ళింది. అప్పుడు నా వైపు తిరిగి, "ఈ ఇంట్లో నేను చదవడానికి ఏమీ లేదు" అంది.

ఇలాంటి మాట ఎక్కడైనా ఉందా? నేల నుంచి పైకప్పు దాకా పుస్తకాలు! మంచం కింద పుస్తకాలు! నేను నవ్వాను. "నీకోసమే కదే ఇన్ని తెచ్చింది" అన్నాను. మర్నాడు పొద్దున తను లేదు. రెండు జతల చీరలు, మందుల డబ్బా, ఆ పాత గొడుగు లేవు. నీ దగ్గరికి వెళ్తున్నానని చీటీ ఉంది. నేను ఆ గొడుగు బాగుచేయించాలని ఏడాదిగా అనుకుంటున్నాను.

కొత్త పుస్తకాలు కావాలేమో అనుకున్నాను. అందుకే పంపుతున్నాను. నీతో దాపరికమెందుకు, నాచు నీ కోసం కాదు.

ఇప్పుడు పంపేది మాత్రం ఎవరైనా కాదనలేని పుస్తకం. రంగుల గురించి. ఆకు పచ్చగా, నెత్తురు ఎర్రగా, సాయంత్రం ఆకాశం అలా ఎందుకుంటాయో సగం. చిత్రకారులు ఆ రంగులు ఎలా నూరుకున్నారో సగం. రాత్రంతా కూర్చుని గీతలు గీశాను. నీలం పెన్సిలు అరిగిపోయింది. అభిప్రాయం వివరంగా రాయి.

ఇంట్లో శబ్దం లేదు. నేను పైకి చదువుకుంటాను కదా, ఆగితే కుళాయి చుక్క పడటం వినిపిస్తుంది. ఇన్నాళ్ళూ అది కారుతోందని నాకు తెలియదు. తనకి తెలిసే ఉంటుంది.

బావ


తాళాల కొట్టు
ఆగస్టు

బావా,

రంగుల పుస్తకం అందింది. అభిప్రాయం వివరంగా రాయమన్నావు, రాస్తున్నాను.

పుస్తకం మధ్యలో ఒక ఆకు బొమ్మ ఉంది, పేజీ నిండా. ఆ ఆకుపచ్చ ఒక్క పచ్చ కాదు. ఈనె పక్కన పసుపు కలిసింది, కొసకి వెళ్ళేకొద్దీ నీలం. చాలాసేపు చూస్తే ఆకు అంచు చుట్టూ సన్నగా వంకాయ రంగు కదులుతుంది. అది కాగితం మీద లేదు. చూపు తిప్పితే దాంతో పాటు వస్తుంది. ల్యాబులో గులాబీ రంగు పలక చాలాసేపు చూసి తలెత్తితే గోడ మీద పాలిపోయిన ఆకుపచ్చ కనబడుతుంది, ఇదీ అలాంటిదేనేమో. ఎందుకలా అవుతుందో పుస్తకంలో ఎక్కడో ఉండే ఉంటుంది. వెతకలేదు. కాసేపు తెలియకుండా ఉండటం బాగుంది.

ఈ ఒక్క పేజీలో గీతల్లేవు, బొమ్మ కాబట్టి. మిగతా పేజీల్లో కూర్చోవడానికి చోటు లేదు. ఏ వాక్యం దగ్గరికి వెళ్ళినా ఎవరో ముందే వచ్చి కాళ్ళు చాపుకుని ఉన్నారు.

ఇదీ నా అభిప్రాయం. నేనే రాశాను. ఎవరో కారు తాళంచెవి లోపల పెట్టి తలుపేసుకున్నారట, పిలుస్తున్నారు. వెళ్ళాలి.

బావమరిది


బొమ్మల గది
వెంటనే

ఒరేయ్ దొంగా!

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు "నేనే రాశాను" అని ప్రత్యేకంగా రాయడం ఎందుకురా? నీకు ఎరుపుకీ ఆకుపచ్చకీ తేడా తెలియదు. రైలు డ్రైవరు ఉద్యోగానికి వెళ్తే చుక్కల పుస్తకం చూపించి వెనక్కి పంపేసింది నిన్నే కదా? నా పెళ్ళికి పచ్చ చొక్కా అనుకుని నెత్తురు రంగు చొక్కా వేసుకొచ్చి, ఫోటోల్లో ఇప్పటికీ వెలిగిపోతున్నది నువ్వే కదా? నీకు ఈనె పక్కన పసుపు కనబడిందా? కొసకి నీలం కనబడిందా? ల్యాబులో గులాబీ పలక కూడా నువ్వే చూశావా?

పట్టుకున్నాను కదా. నాకు ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను. ఉత్తరం చొక్కా జేబులో పెట్టుకుని తిరుగుతున్నాను. పైగా నాకొకటి తట్టింది. నీ కళ్ళ సంగతి తనకి తెలుసు. నాకు తెలుసని కూడా తెలుసు. తెలిసీ నీ చేత రంగుల గురించి రాయించింది. అంటే దొరకాలనే కదా? ఇంకేం కావాలి!

ఇక విషయానికి వస్తాను. ఆ వంకాయ రంగు నిజంగా అక్కడ ఉన్నది కాదు. ఒకే రంగుని తదేకంగా చూస్తే కన్ను అలిసిపోయి దాని ఎదురు రంగుని చూపిస్తుంది. గులాబీకి ఆకుపచ్చ కనబడేదీ అందుకే. ఐదో అధ్యాయంలో ఉంది, నీలం పెన్సిలుతో రెండు గీతలు గీశాను. చూసి ఉంటే ఇంత తికమక ఉండేది కాదు. తనకి చెప్పు.

గీతల గురించి అన్న మాట అర్థమైంది. నేను మొండివాణ్ణి కాను. నాచు, నీడల పుస్తకాలు తిప్పి పంపావు కదా, రబ్బరు పెట్టి గీతలన్నీ చెరిపాను. మూడు రోజులు పట్టింది, ఇల్లంతా రబ్బరు పొట్టు. మళ్ళీ పంపుతున్నాను. కొంచెం గట్టిగా రాసే అలవాటు కాబట్టి పల్లాలు కనబడవచ్చు, వేలితో తడిమితే తెలుస్తాయి. చెరిపిన చోట్ల ఏముండేదో విడిగా ఒక కాగితం మీద పేజీల వారీగా రాసి లోపల పెట్టాను, ఉపయోగపడుతుంది.

బావ


తాళాల కొట్టు
సెప్టెంబరు

బావా,

ఈ ఉత్తరం నిజంగా నేనే రాస్తున్నాను. తప్పులుంటే సర్దుకో.

నీ పార్సెలు విప్పి, నీ కాగితం చూసి అక్క మొదట నవ్వింది. నవ్వీ నవ్వీ, అలాగే ఏడ్చింది. నేను తాళాలు విప్పగలను కానీ ఏడ్చే మనిషి దగ్గర ఏం చేయాలో తెలియదు. టీ పెట్టాను. చక్కెర రెండుసార్లు వేశానట.

తర్వాత చెప్పింది. అడక్కుండానే చెప్పింది. విను.

మీ పెళ్ళయిన కొత్తలో తను నక్షత్రాల పుస్తకం ఒకటి చదువుతోందట. రోజుకి కొంచెం, దాచుకు దాచుకు. ఒకరోజు నువ్వొచ్చి "ఇంకా ఇక్కడే ఉన్నావా" అని, చివరికి నక్షత్రం ఏమవుతుందో చెప్పేశావట. ఏదో ప్రేమగానే చెప్పావట, భోజనం చల్లారిపోయేదాకా చెప్పావట. తను ఆ పుస్తకం మళ్ళీ తెరవలేదు. అప్పటి నుంచి ఏ పుస్తకం ముట్టుకున్నా నువ్వు ముందే వెళ్ళొచ్చి ఉన్నావట. "ఇది చూడు" అన్నావే గానీ "నీకేం కనబడింది" అని ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి అడగలేదట.

"ల్యాబులో గాజుపలక మీద మొదటి చూపు నాదే. నేను చూసేటప్పుడు నా భుజం మీంచి ఎవరూ చూడరు. అందుకే ఆదివారాలు కూడా డ్యూటీ వేయించుకునేదాన్ని" అంది.

నాకు ఒళ్ళు మండింది బావా. తను ఆ వంకాయ రంగు సంగతి రాసినప్పుడు ఎంతసేపు కూర్చుని రాసిందో నేను చూశాను. దొరకాలనే రాసింది, అంతవరకూ నువ్వు కనిపెట్టావు. దానికి నువ్వేం చేశావు? ఐదో అధ్యాయం చూసుకోమన్నావు!

ఇక నుంచి నేను మధ్యలో ఉండను. నువ్వు రాసింది నేను చదవడం, తను చెప్పింది నేను కాపీ చేయడం, నా పేరు కింద మీ కాపురం నడవడం నాకు కుదరదు. రాస్తే తనకే రాయి.

ఇంకో సంగతి. తను మీ ఇంటికి వెళ్ళిపోతే ఈ మెట్లు ఎక్కాలంటేనే నాకు భయం. సాయంత్రం కొట్టు మూయబుద్ధి కాదు మళ్ళీ. అయినా తనకే రాయమంటున్నాను. ఈ మాట ఎందుకు చెబుతున్నానంటే, నువ్వొక్కడివే ఒంటరివాడివని అనుకోకూడదని.

బావమరిది


ఇల్లు
అక్టోబరు

ఏమోయ్,

ఇలా మొదలుపెట్టవచ్చో లేదో తెలియదు. మనం ఎప్పుడూ ఉత్తరాలు రాసుకోలేదు. రాయాల్సినంత దూరం ఎప్పుడూ లేమనుకున్నాను.

నీ తమ్ముడి ఉత్తరం చదివి వారమైంది. జవాబు నాలుగుసార్లు రాశాను. ప్రతిసారీ రెండో పేరాకి వచ్చేసరికి ఏదో ఒకటి నీకు వివరిస్తున్నాను. చించేశాను. నాకు వేరే భాష రాదేమోనని భయం వేసింది.

నిన్న పాత పుస్తకాల షాపుకి వెళ్ళాను. "విజ్ఞానమైనా సరే, బొమ్మలైనా సరే, మీకు మంచిదనిపించింది ఒకటి ఇవ్వండి. నాకు చూపించకుండా కాగితం చుట్టి ఇవ్వండి" అన్నాను. షాపాయన నన్ను ఎగాదిగా చూశాడు. నేను అడగడమేమిటి, ఎప్పుడూ ఆయనకి చెప్పేవాణ్ణి. "ఎవరికి?" అన్నాడు. "మా ఇంట్లో" అన్నాను. ఆయనకి తెలుసనుకుంటాను, నువ్వు లేవని. లోపలి గదిలోకి వెళ్ళాడు. చాలాసేపటికి వచ్చాడు, కాగితం చుట్టి దారం కట్టి ఉంది.

రాత్రంతా అది బల్ల మీదే ఉంది. ఎత్తి బరువు చూశాను. దీపానికి అడ్డంగా పెట్టి చూశాను. బరువుని బట్టి బొమ్మల కాగితం కావచ్చని... వద్దు, ఊహించను. దారం ముడి దగ్గర చెయ్యి రెండుసార్లు వెళ్ళింది. విప్పలేదు. నవ్వకు, పుస్తకం ముందు పెట్టుకుని తెరవకుండా ఉండటం నా జన్మలో ఇదే మొదలు. పొద్దున్నే పోస్టులో వేసి వచ్చాను.

ఏం పుస్తకమో నాకు తెలియదు. నీకు నచ్చకపోతే ఎవరికైనా ఇచ్చెయ్. నచ్చితే నాకు చెప్పనక్కర్లేదు. చెబితే మాత్రం వింటాను. మధ్యలో మాట్లాడను.

కుళాయి బాగుచేయించాను. ఇప్పుడు ఆ చప్పుడు కూడా లేదు. నువ్వు లేక ఇల్లు ఇల్లులా లేదు. ఈ ముక్క మొదట్లోనే రాసి ఉండాల్సింది.

నేను


తమ్ముడి ఇల్లు, కిటికీ పక్క
నవంబరు

ఏమండీ,

పార్సెలు అందింది. విప్పాను. మొదటి పేజీలోనే మీ పెన్సిలు గీత.

తల తిరిగిపోయింది. ఇంత అబద్ధమా, చూడలేదు తెరవలేదు అని ఇంత కథ చెప్పి, మళ్ళీ గీతలా అని పుస్తకం మంచం మీదికి విసిరేశాను. కాసేపటికి మళ్ళీ తీశాను. లోపలి అట్ట మీద మీ పేరు, హాస్టలు గది నంబరు ఉన్నాయి. చేతిరాత మీదే కానీ అక్షరాలు ఇంకా సరిగ్గా కుదురుకోలేదు. అప్పుడు అర్థమైంది. పెళ్ళికి ముందు ఎవరికో ఇచ్చి ఉంటారు, వాళ్ళు అమ్ముకుని ఉంటారు. అది ఎన్ని ఇళ్ళు తిరిగిందో, ఆ షాపు లోపలి గదికి వచ్చి ఆగింది. ఇన్ని వేల పుస్తకాల్లో గీతలు లేనిది ఒక్కటి నాకు పంపాలని మీరు తిప్పలు పడితే, మీ పుస్తకమే మిమ్మల్ని పట్టుకుంది. అప్పుడు నవ్వొచ్చింది. ఎంత నవ్వానంటే తమ్ముడు షట్టరు వదిలేసి పైకి పరిగెత్తుకొచ్చాడు. వాడికి చెబితే వాడూ మెట్ల మీదే కూలబడ్డాడు. షాపాయన తెలిసే ఇచ్చాడంటాడు వాడు. మీరే అడగండి. లేదా అడక్కండి.

గవ్వల పుస్తకం. పేజీకొక గవ్వ, చేత్తో వేసిన బొమ్మలు. ఎదుటి పేజీలో ఆ గవ్వ ఎలా పెరుగుతుందో. మీకు గుర్తుందా? ఉన్నా చెప్పకండి.

చదవడం మొదలుపెట్టాను, గీతల్ని తప్పించుకుంటూ. కానీ ఈ గీతలు వేరుగా ఉన్నాయి. "ఇది చూడు" అని ఎక్కడా లేదు. "ఇది ఎలా తెలిసింది?" అని ఉంది. "నిజంగానా?" అని ఉంది. ఒకచోట "అర్థం కాలేదు", దాని కిందే ఇంకో రోజు రాసినట్టు "ఇప్పటికీ అర్థం కాలేదు." మరోచోట "దీన్ని వేయాలంటే ముందు చూడటం రావాలి. నాకు రాదు."

నేను పుస్తకం పక్కన పెట్టి వీధి వైపు చూస్తూ కూర్చున్నాను. ఈ అబ్బాయిని నేను ఎప్పుడూ కలవలేదండీ. నేను కాపురానికి వచ్చేసరికే ఇతను ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయాడు. నేను వచ్చింది అన్నీ తెలిసిన ఆయన ఇంటికి. ఇతనే ఉండి ఉంటే నేను ఎన్ని కబుర్లు చెప్పేదాన్నో! నాకు చాలా కోపంగా ఉంది, ఏడుపూ వచ్చింది. రెండూ రాస్తున్నాను, ఏదీ దాచను.

పుస్తకం మధ్యలో ఒక గవ్వని నిలువుగా కోసిన బొమ్మ ఉంది. లోపలంతా మెట్లు మెట్లుగా తిరిగి, లోతుకి వెళ్ళేకొద్దీ రంగు చిక్కబడుతుంది. అంచులో మీరు ఇలా రాశారు: "లోపలంతా చీకటే కదా. అక్కడ ఇంత రంగు ఎవరి కోసం? ఎవరినడగాలి?"

ఎవరినీ అడగలేదు మీరు. నన్నైనా అడగలేదు.

నాకూ తెలియదు. కానీ దాని కింద నా పెన్నుతో జవాబు రాశాను. ఎవరి కోసమూ కాదేమో, ఎవరూ తొంగి చూడకపోయినా అది అలాగే ఉంటుందేమో అని రాశాను. ఇన్నేళ్ళూ మీ పక్కన నేను అలాగే ఉన్నాను. ఈ రెండో వాక్యం పుస్తకంలో రాయలేదు, ఇక్కడ మీకు రాస్తున్నాను.

ఇప్పుడు రోజూ డ్యూటీ నుంచి వచ్చి ఒక్కో పేజీ చదువుతున్నాను. ఆ అబ్బాయి అడిగిన వాటికి తెలిసినంత జవాబు రాస్తున్నాను, తెలియకపోతే తెలియదని రాస్తున్నాను. పేజీల్లో కూర్చోవడానికి చోటుంది. అతను కాస్త జరిగి కూర్చుంటాడు.

నేను ఇప్పుడే రాను. ల్యాబులో పని నచ్చింది. తమ్ముణ్ణి ఉన్నపళంగా వదిలి రాలేను, వాడు పైకి నవ్వుతాడు గానీ రాత్రి ఇంటికి రావడానికి వాడికో కారణం కావాలి. అక్కడికి వస్తే మళ్ళీ ఆ అలమార ముందు నిలబడాలి, అందుకు ఇంకా ధైర్యం లేదు. మీరు మంచివారు కాదని నేను ఎప్పుడూ అనుకోలేదు. మీ మంచితనంలో నాకు ఊపిరాడలేదు, అంతే.

ఒక ఆదివారం రండి. తిరుగు టికెట్టు కూడా తీసుకునే రండి. పుస్తకాలు తేవద్దు. గొడుగు బాగుచేయించాలి, అది మీ చేతికిస్తాను. ల్యాబుకి తీసుకెళ్తాను, ఆదివారం ఎవరూ ఉండరు. మైక్రోస్కోపులో ఒక పలక పెట్టి మీకు చూపిస్తాను. అది ఏమిటో చెప్పను. మీకేం కనబడిందో నేను అడుగుతాను, మీరు చెప్పాలి. తప్పయినా ఫర్వాలేదు.

ఇంకొక్క మాట. పుస్తకం చివరి పేజీలో మీరు పెద్దగా ఏదో రాసినట్టున్నారు. అప్పటికే గట్టిగా రాసే అలవాటు ఉన్నట్టుంది, వెనక అట్ట మీదికి పల్లం దిగింది, వేలికి తగులుతోంది. నేనింకా అక్కడిదాకా రాలేదు. తిప్పి చూడలేదు.

ఏం రాశారో మీకు గుర్తొస్తే, నాకు చెప్పకండి.

మీ
నేను